ఘాట్ ఎక్కే సైకిల్‌కి లెక్క సాయంత్రం నుంచే!

రీల్‌లో అయితే పదిహేను సెకన్లే. మంచులో మలుపు తిరుగుతున్న సైకిలు, పక్కన కాఫీ తోట, దూరంగా సొరంగంలోంచి బయటికొస్తున్న రైలు. చూడగానే ఫ్రెండ్స్ గ్రూపులో మెసేజ్ పడిపోతుంది: "ఈ వీకెండ్ సైకిళ్ళ మీద అరకు కొట్టేద్దామా?" పది మంది బొటనవేళ్ళు లేపుతారు. శనివారం వచ్చేసరికి నలుగురు మిగులుతారు. ఈ కథనం ఆ నలుగురి కోసమే.

అరకు రోడ్డు మీద సైకిల్ తొక్కడం అసాధ్యమైన పనేం కాదు. రోజూ ఆఫీసుకో, కాలేజీకో సైకిల్ తొక్కేవాళ్ళు నెల రోజులు ప్రాక్టీసు చేస్తే ఎక్కేయొచ్చు. చాలామంది ఇబ్బంది పడేది కాళ్ళలో బలం లేక కాదు, చీకటి పడే వేళకి ఘాట్ మధ్యలో ఉండిపోయి. లైటు లేదు, సిగ్నల్ లేదు, బ్రేకులు సరిగ్గా పట్టడం లేదు, చలి మొదలైంది. కొండ మీద సరదా కాస్తా ప్రమాదంగా మారేది అప్పుడే. అందుకే ఈ ప్లాన్ పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి అన్న ప్రశ్నతో మొదలవ్వదు. సాయంత్రం ఎన్నింటికల్లా సైకిల్ దిగిపోవాలి అన్న ప్రశ్నతో మొదలవుతుంది.

రూటు ఇదీ

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఇందులో శృంగవరపుకోట, అంటే మనం పిలిచే ఎస్.కోట దాకా ఉన్నది మైదానమే. ట్రాఫిక్ ఎక్కువ, చూడటానికి తక్కువ. ఆ ముక్కని బస్సులోనో, సైకిల్ ఎక్కించుకున్న కారులోనో దాటేస్తే నష్టమేం లేదు. అసలు మజా ఎస్.కోట దాటి, బొడ్డవర వదిలాక మొదలవుతుంది. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట... ఒక్కో పేరు ఒక్కో మెట్టు.

కొత్తవాళ్ళకి మూడు రోజుల ప్లాన్ హాయిగా ఉంటుంది. మొదటి రోజు ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కి అక్కడే మకాం. రెండో రోజు బొర్రా గుహలు, అక్కణ్ణుంచి కటికి జలపాతం వైపు మట్టిదారి. మూడో రోజు గాలికొండ మీదుగా అరకు. తిరుగు ప్రయాణం రైల్లో. అనంతగిరిలోనూ అరకులోనూ టూరిజం శాఖ హరిత రిసార్టులున్నాయి, ప్రైవేటు లాడ్జీలూ ఉన్నాయి. సీజన్లో గదులు దొరకవు కాబట్టి ముందే బుక్ చేసుకోండి. బుక్ చేసేటప్పుడే సైకిళ్ళు లోపల పెట్టుకోనిస్తారో లేదో అడిగేయండి.

హైదరాబాద్ వాళ్ళకో మాట. అనంతగిరి అనగానే మీకు వికారాబాద్ పక్కనున్న కొండలు గుర్తొస్తాయి. ఇది ఆ అనంతగిరి కాదు. అయితే ఆ వికారాబాద్ అనంతగిరి మాత్రం దీనికి మంచి ప్రాక్టీసు గ్రౌండు. విశాఖ వాళ్ళకి సింహాచలం ఘాట్, కైలాసగిరి రోడ్డు ఎలాగూ ఉన్నాయి.

కిలోమీటర్లు కాదు, మీటర్లు చూడండి

సిటీలో "ఎంత దూరం?" అని అడుగుతాం. కొండ మీద అడగాల్సింది "ఎంత ఎత్తు?" అని. ఎస్.కోట సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే ఉంటుంది. గాలికొండ వ్యూ పాయింట్ సుమారు 1,300 మీటర్లు. అంటే నికరంగా 1,200 మీటర్ల పైచిలుకు ఎక్కాలి. మధ్యలో దిగి మళ్ళీ ఎక్కేవి దీనికి అదనం. అరకు లోయ మాత్రం 900 మీటర్ల చుట్టుపక్కలే. కాబట్టి గాలికొండ దాటాక మీరు అరకులోకి దిగుతారు.

మరి ఎంత సేపు పడుతుంది? ఒక సులువైన లెక్క ఉంది. 6 శాతం వాలున్న రోడ్డంటే ప్రతి వంద మీటర్లు ముందుకెళ్తే ఆరు మీటర్లు పైకెళ్ళినట్టు. అలాంటి రోడ్డు మీద గంటకి 5 కిలోమీటర్లు తొక్కితే, గంటలో 300 మీటర్ల ఎత్తు ఎక్కేసినట్టే. కొత్తవాళ్ళకి ఈ 300 మంచి అంచనా. బాగా అలవాటైనవాళ్ళు ఇంకా ఎక్కువే ఎక్కుతారు. కానీ గ్రూపులో లెక్క ఎప్పుడూ అందరికన్నా నెమ్మదిగా వెళ్ళేవాడి పేరు మీదే వెయ్యాలి.

ఇక్కడో చిన్న తిరకాసు ఉంది. అనంతగిరి ఘాట్‌లో మెయిన్ రోడ్డు మీంచి బొర్రా గుహలకి ఓ దారి చీలుతుంది. గుహలు ఉన్నది 700 మీటర్ల ఎత్తులో. అంటే గుహలకి వెళ్ళేటప్పుడు జర్రున జారిపోతారు, వచ్చేటప్పుడు అదంతా మళ్ళీ ఎక్కాలి. గుహలు చూసి, మధ్యాహ్నం ఫుల్లుగా భోంచేసి, మండే ఎండలో ఆ ఎక్కుడు మొదలుపెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దిగే ప్రతి మీటరునీ అప్పుగానే రాసుకోవాలి.

వెనక్కి లెక్కపెట్టేద్దాం

డిసెంబరులో ఈ ప్రాంతంలో సూర్యుడు సాయంత్రం 5:20 ప్రాంతంలోనే అస్తమిస్తాడు. లోయల్లో అంతకన్నా ముందే కొండ నీడ పడిపోతుంది. కాబట్టి 3:30కల్లా గదికి చేరిపోవాలి అని పెట్టుకుందాం.

మొదటి రోజు దారిని మ్యాప్‌లో పెడితే 900 మీటర్ల ఎక్కుడు చూపించిందనుకోండి. గంటకి 300 చొప్పున మూడు గంటలు. బొడ్డవర దాకా ఉన్న చదును రోడ్డుకి అరగంట పైన. టీ, ఫొటోలు, కాళ్ళు చాపుకోవడం కలిపి గంటన్నర. ఒక పంక్చర్‌కో, తెగిన చైన్‌కో ముప్పావు గంట పక్కన పెట్టాలి. మొత్తం దాదాపు ఆరు గంటలు. 3:30లోంచి ఆరు తీసేస్తే 9:30. అదే మీ ఆఖరి బస్సు లాంటిది. ఏడింటికే బయల్దేరితే చేతిలో రెండున్నర గంటలు మిగులుంటాయి. పదిన్నరకి ఎస్.కోటలో ఇంకా టిఫిన్ దగ్గరే ఉంటే, ఆ రోజు టైడా దగ్గరే ఆగిపోవడం మేలు.

దీంతోపాటు ఇంకొకటి తేల్చుకోవాలి. వెనక్కి తిరిగే టైము. "ఒంటిగంటకి ఫలానా చోటికి చేరకపోతే ఆగిపోదాం" అని రాత్రే అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. అలసిపోయాక, ఇంకో రెండు మలుపులే అనిపించేటప్పుడు ఈ నిర్ణయం ఎవ్వరూ సరిగ్గా తీసుకోలేరు. ముందు రోజు తీసుకున్న నిర్ణయం మీద ఎవరికీ అలకలుండవు. "నీ వల్లే ఆగాం" అనే మాటే రాదు.

బండికి మెట్లెక్కడం వచ్చా?

మౌంటెన్ బైక్ అని పేరున్నంత మాత్రాన కొండ ఎక్కుతుందని కాదు. చూడాల్సింది గేర్లు. ముందు చక్రానికి 22 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 34 పళ్ళు ఉన్న బండిలో, అన్నిటికన్నా తేలిక గేరు వేస్తే పెడల్ ఒక్కసారి చుట్టూ తిరిగితే బండి సుమారు 1.4 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకి 5 కిలోమీటర్ల వేగం. మనం పైన వేసుకున్న లెక్క ఇదే. అదే ముందు 44, వెనక 18 పళ్ళున్న గేర్లు లేని సైకిలైతే ఒక్క చుట్టుకి 5 మీటర్ల పైనే వెళ్తుంది. చదును మీద భేష్. ఘాట్ మీద మోకాళ్ళు మొరాయిస్తాయి. లావు టైర్లు, స్టైలు అన్నీ ఉండి గేర్లు లేని బండ్లు మార్కెట్లో బోలెడున్నాయి. అద్దెకి తీసుకునేముందు పళ్ళు లెక్కపెట్టడానికి మొహమాటపడకండి.

టైర్లలో గాలి కూడా దారిని బట్టి మారాలి. తారు రోడ్డు మీద కాస్త గట్టిగా 40 పీఎస్ఐ పైన, మట్టిదారిలో కాస్త మెత్తగా 30 ప్రాంతంలో ఉంచితే పట్టు బాగుంటుంది. మీ బరువును బట్టి అటూ ఇటూ. టైరు పక్కన రాసి ఉన్న హద్దులు మాత్రం దాటొద్దు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకి నొక్కుకుని రెండు చోట్ల తెగుతుంది.

దిగేటప్పుడే అసలు పరీక్ష

ఎక్కడంలో ఒళ్ళు అలుస్తుంది. దిగడంలో బండి అలుస్తుంది. పొడుగ్గా దిగే దారిలో బ్రేకు నొక్కి పట్టుకునే ఉంటే ప్యాడ్‌లు వేడెక్కుతాయి. వేడి మీరిందంటే ఎంత నొక్కినా పట్టు తగ్గిపోతుంది. అందుకే మలుపు ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం దించుకోవాలి. తర్వాత వదిలెయ్యాలి. మలుపులోకి దిగాక, అందులోనూ ఇసుకో కంకరో ఉన్నచోట, ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కితే చక్రం జారిపోతుంది. డిస్కు వేడిగా ఉన్నప్పుడు చెయ్యి పెట్టి చూడకండి, చర్మం కాలుతుంది. నీళ్ళూ పొయ్యకండి. రోడ్డు పక్కన ఖాళీ చూసుకుని కాసేపు ఆగితే చాలు.

బయల్దేరే ముందే ప్యాడ్‌లు చూసుకోండి. మందం ఒక మిల్లీమీటరుకి వచ్చేసిందంటే మార్చెయ్యడమే. రెండు ప్యాడ్‌ల ఖర్చుకి వెనకాడి ఘాట్ దిగడం తెలివైన బేరం కాదు.

ఇంకో సంగతి, చలి. ప్రతి వెయ్యి మీటర్లకీ దాదాపు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఎస్.కోటలో 24 డిగ్రీలుంటే గాలికొండ దగ్గర 16 ఉండొచ్చు. చెమటతో తడిసిన టీషర్టుతో అక్కణ్ణుంచి జారితే వేళ్ళు కొంకర్లు పోతాయి. బ్రేకు నొక్కాల్సింది ఆ వేళ్ళే కదా. పల్చటి విండ్‌చీటరు, చేతులకి గ్లవ్స్ బ్యాగులో అడుగున కాకుండా పైన పెట్టుకోండి.

కటికి దారి: తక్కువ దూరం, ఎక్కువ టైము

ఈ ట్రిప్పులో మౌంటెన్ బైక్‌కి నిజంగా పని పడేది రెండో రోజే. బొర్రా దగ్గర్నుంచి గోస్తనీ నది మీదున్న కటికి జలపాతానికి వెళ్ళే దారి రాళ్ళూ గోతులతో ఉంటుంది. టూరిస్టుల్ని అక్కడికి జీపుల్లో తీసుకెళ్తారు. ఆఖర్లో కొంత నడవాలి. దూరం కొన్ని కిలోమీటర్లే. అయినా తారు రోడ్డు లెక్క ఇక్కడ పనికిరాదు. మట్టిదారికి ఎంత టైము అనుకుంటారో దానికి రెట్టింపు పెట్టుకోండి.

రాళ్ళ దారిలో చూపు ముందు చక్రం మీద కాదు, పది పదిహేను అడుగుల అవతల ఉండాలి. కన్ను ఎటు చూస్తే బండి అటే పోతుంది, గోతిని చూస్తే గోతిలోకే. సీటు కొంచెం కిందికి దించుకుని, దిగేటప్పుడు లేచి నిలబడి, మోకాళ్ళూ మోచేతులూ వంచి ఉంచండి. పెడల్స్ రెండూ నేలకి సమానంగా ఉంటే కింది రాళ్ళకి తగలవు. నచ్చని చోట దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళండి, ఇందులో నామోషీ ఏం లేదు. ఎదురుగా జీపు వస్తే మీరే పక్కకి జరగండి. ఎక్కుతున్న జీపు మధ్యలో ఆగితే మళ్ళీ కదలడం కష్టం.

వానాకాలంలో ఈ దారి జోలికి పోవద్దు. రాళ్ళు పాచి పట్టి జారతాయి, నీటి ఉధృతి చెప్పి రాదు. ఘాట్‌లోనూ పెద్ద వానలకి కొండ చరియలు విరిగిపడుతుంటాయి. అక్టోబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ నవంబరు, డిసెంబరుల్లో అరకు పొలాల్లో వలిసె పూలు పసుపు పరిచినట్టుంటాయి. కాకపోతే పొద్దున్నే మంచు దట్టంగా కమ్మేస్తుంది. అది విడేదాకా, అంటే ఎనిమిదో తొమ్మిదో అయ్యేదాకా, ముందూ వెనకా లైట్లు వెలుగుతూనే ఉండాలి. సీజన్లో శని, ఆదివారాలు ఘాట్ నిండా కార్లూ బస్సులే. సెలవు పెట్టగలిగితే మంగళ, బుధవారాలు చూసుకోండి.

ఆకలి వేశాక తింటే ఆలస్యమే

రెండు గంటలు ఎక్కాక ఒక్కసారిగా కాళ్ళు సహకరించడం మానేస్తాయి. ఒళ్ళు వణుకుతుంది, చిరాకు పుడుతుంది. ఒంట్లో పిండిపదార్థం నిల్వ అడుగంటిందని దానర్థం. దానికి మందు, ఆ స్థితి రాకముందే తినడం. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మాదిరి అరటిపండులో దాదాపు 25 గ్రాములుంటుంది. అంటే గంటకో పండూ, ఒక పల్లీ చిక్కీ. ఖరీదైన జెల్ ప్యాకెట్లు లేకపోయినా ఏం ఫర్వాలేదు. ఎండను బట్టి గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు. ఓఆర్ఎస్ పొడి కలుపుకుంటే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి. చిక్కగా తాగితే మేలు జరగదు.

బొంగులో చికెన్ వద్దని ఎవరంటారు? కాకపోతే ఆ రోజు తొక్కడం అయిపోయాక.

ఫోన్ని నమ్ముకోండి, మరీ అంతగా కాదు

ఘాట్ మలుపుల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ ప్రాంతం మ్యాపుని ఆఫ్‌లైన్‌లో దించుకోండి. స్ట్రావా, కొమూట్ లాంటి యాప్‌లలో రూటు గీస్తే ఎక్కడ ఎంత ఎక్కుడుందో గ్రాఫ్‌లా కనిపిస్తుంది. దాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సిగ్నల్ వెతుక్కుంటూ బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్ అయినా పనిచేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మీతో రాని ఒకరి దగ్గర మీ ప్లాన్ ఉండటం. అక్కో, రూమ్మేటో ఎవరైనా సరే. రూటు, గది పేరు, సాయంత్రం ఎన్నింటికి ఫోన్ చేస్తారు, చెయ్యకపోతే వాళ్ళు ఎవరికి చెయ్యాలి... ఈ నాలుగూ మెసేజ్ పెట్టండి. అంబులెన్సుకి 108, ఏ అత్యవసరానికైనా 112.

ఆ దారి మనది కాదు

మెయిన్ రోడ్డు దిగి మట్టిదారి పట్టాక మీరున్నది గిరిజనుల ఊళ్ళ మధ్య. మీకు ట్రెయిల్ అనిపించేది వాళ్ళకి పొలానికి, బడికి, వారపు సంతకి వెళ్ళే దారి. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యమో చోళ్ళో ఆరబోసి ఉంటాయి, కాఫీ గింజలు కళ్ళాల్లో ఎండుతుంటాయి. వాటి మీంచి టైరు పోతే ఒకరి ఏడాది కష్టం మీంచి పోయినట్టే. మేకలు, దూడలు, పిల్లలు ఎదురైతే బెల్లు మోగించి దూసుకుపోకుండా నెమ్మదించండి. కాఫీ తోటలోకి, ఇంటి పెరట్లోకి అడిగే వెళ్ళండి. ఫొటోకీ అడగండి. దారి తెలియకపోతే మ్యాప్‌కన్నా ముందు "అన్నా, ఈ దారి ఎందాక పోద్ది? సైకిల్ వెళ్తాదా?" అని అక్కడి మనిషిని అడగండి. మొన్నటి వానకి ఏ కల్వర్టు కొట్టుకుపోయిందో ఏ యాప్‌లోనూ ఉండదు. తిన్న చిక్కీ కవరు జేబులో పెట్టుకుని కిందికి తెచ్చెయ్యండి.

బ్యాగులో ఇవి ఉన్నాయా?

- హెల్మెట్. ఇది బ్యాగులో కాదు, తల మీద.
- స్పేర్ ట్యూబులు రెండు, ప్యాచ్ కిట్, టైర్ లీవర్లు, చేతి పంపు
- మల్టీటూల్, చైన్ అతికించే క్విక్ లింకు
- వెనక గేరును పట్టి ఉంచే డీరైలర్ హ్యాంగర్ ఒకటి అదనంగా. పడినప్పుడు మొదట వంగేది ఇదే. ప్రతి మోడల్‌కీ వేరు కాబట్టి కొండ మీద దొరకదు
- నాలుగు ప్లాస్టిక్ జిప్ టైలు, చిన్న టేపు
- ముందూ వెనకా లైట్లు, పవర్ బ్యాంకు
- విండ్‌చీటరు, గ్లవ్స్, పొడి టీషర్టు
- బ్యాండేజీ, యాంటీసెప్టిక్, మీరు రోజూ వాడే మందులు
- కాస్త నగదు. టీ కొట్టు దగ్గర సిగ్నల్ లేకపోతే యూపీఐ పనిచెయ్యదు

బయల్దేరడానికి వారం ముందు ఇదే బ్యాగు తగిలించుకుని, మొదటి రోజు ఎక్కాల్సిన ఎత్తులో సగమైనా దగ్గర్లోని గుట్ట మీద ఎక్కి చూడండి. ఒకే గుట్ట నాలుగుసార్లు ఎక్కినా సరే. దారిలో ఒక్కసారైనా ట్యూబు మార్చి చూసుకోండి. ఎవరికి ఏం రాదో అక్కడే తేలిపోతుంది.

మూడో రోజు అరకు చేరాక తిరిగి ఘాట్ దిగాల్సిన పని లేదు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉండనే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన ఈ లైను 58 సొరంగాలు దాటుకుంటూ, 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగుడ స్టేషన్ మీదుగా కిందికి దిగుతుంది. సైకిల్‌ని బ్రేక్ వ్యాన్‌లో లగేజీగా వేసుకోవచ్చు. ఆ రోజు కుదురుతుందో లేదో ముందే స్టేషన్లో కనుక్కోండి. కుదరకపోతే కిందికి వెళ్ళే వ్యాను మాట్లాడుకోవచ్చు. రైలు దొరికితే మాత్రం కిటికీ పక్క సీటు పట్టండి. చెమటోడ్చి ఎక్కిన కొండలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి పోతుంటాయి. ఏ మలుపులో ఎవరు ముందు "ఇక నావల్ల కాదు" అన్నారో అని నలుగురూ కొట్టుకుంటూ ఉంటారు. వచ్చే ఏడాది లంబసింగి ప్లాన్ సగం ఆ రైల్లోనే తయారైపోతుంది.